గంప ఉయ్యాల

విజిల్ మోగేసరికి అంజనమ్మ ఇంకా ఒక్క ఊపైనా ఊగలేదు. ఉయ్యాల పలక మీద కూర్చుని, కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య దోపుకొని, చెప్పులు పక్కకు వదిలి, బొటనవేలితో నేలను తన్నబోతూ ఉంది. అంతలో పార్కు అవతలి కొస నుంచి ఆ కూత వచ్చింది. వాకింగ్ చేస్తున్నవాళ్లంతా దొంగ దొరికినట్టు ఆగి చూశారు.

"పాటీ, ఎరంగుంగ, దిగండవ్వా! అది పిల్లోళ్లది!" అంటూ వాచ్‌మన్ సగం తమిళంలో, సగం తెలుగులో అరుచుకుంటూ వచ్చి బోర్డు చూపించాడు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రమే అని మూడు భాషల్లో రాసి ఉంది. ఏ భాషలో లెక్కపెట్టినా అంజనమ్మకు అరవై దాటాయి.

"కాళీగా ఉంది గదప్పా. ఒక్క పిల్లకాయైనా లేదు ఈడ."

"వస్తారు గదా పాటీ. మీరు ఊగితే చైను తెగిపోతుంది."

చైను మాటకు పక్క బెంచీ మీది అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. అంజనమ్మ చెవులు కాలిపోయాయి. చెప్పులు తొడుక్కోకుండానే చేత పట్టుకొని గేటు వైపు నడిచింది.

గేటు బయట ఆమె ఆడబిడ్డ మునెమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని, టీవీ చూస్తున్నట్టు ఇదంతా చూస్తోంది. పోయిన ఏడాది కొట్టంలో జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమెకు ఆ కుర్చీయే కాళ్లు. హోసూరు ఆస్పత్రిలో చూపించుకొని, ఆమె కొడుకు పాపన్న మందులు తెచ్చేదాకా పార్కులో కూర్చుందామని వచ్చారు. వస్తే ఏముంది? ఆవులు, బైకులు దూరకుండా గేటులో ఇనుప కడ్డీలు అడ్డదిడ్డంగా పాతిపెట్టారు. కుర్చీ పట్టలేదు. "నువ్వన్నా పోయిరా పో" అని మునెమ్మే మరదలిని పంపించింది.

"నన్ను రానీలేదు, నిన్ను కూర్చోనీలేదు. ఇద్దరికీ ఒకటే మర్యాద చేసినారు పాపం" అన్నది మునెమ్మ.

"నవ్వకు వదినా. నాకు ఏడుపొస్తా ఉంది."

నిజంగానే వస్తోంది. పెళ్లయి చెన్నకేశవ ఇంటికి వచ్చినాక అంజనమ్మ ఉయ్యాల ఎక్కలేదు. ఎవరూ వద్దనలేదు. రాగిచేను, ఆవులు, పిల్లలు ఉన్న ఇంట్లో కోడలు పోయి ఉయ్యాల ఊగుతానంటే ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఇవాళ ఆ పలక ఊరికే గాలికి అల్లాడుతుంటే, కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

"పోనీలే వదినా. మన వీధిలో పార్కు కడతారు గదా. మీ తమ్ముడే గదా ప్రెసిడెంటు."

"వాడా!" అన్నది మునెమ్మ.

ఆదివారం మీటింగు పెట్టారు. హోసూరు శివార్లలో ఆ లేఅవుటు అంతా ఒకప్పుడు చెన్నకేశవ రాగిచేనే. ఇండ్లు లేచినాక మిగిలిన చదరంలో పార్కు కడతామని ఎవరో కంపెనీవాళ్లు ముందుకొచ్చారు. కాకపోతే వీధి కమిటీ సరేనని సంతకం పెట్టాలి. కమిటీ అంటే ప్రెసిడెంటు చెన్నకేశవ, సెక్రటరీ ఆయన మేనల్లుడు పాపన్న. మిగిలినవాళ్లు టీ వచ్చే వేళకు వస్తారు.

పార్కు డిజైన్ చేసిన పిల్ల పేరు వినుత. కెలమంగలంలో పట్టుపురుగులు పెంచే ఇంటి పిల్ల, బెంగళూరులో చదివింది. షామియానా కింద బల్ల మీద పెద్ద కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు మామిడిపిందెల్లాంటి రాళ్లు పెట్టింది.

"గేటు తూర్పు సందు పక్క పెట్టినానండీ. ఆడ బండ్ల తిరుగుడు లేదు. వెడల్పుగా, మెట్టు లేకుండా ఉంటుంది. మధ్యలో ఈ గుండ్రం చూడండి. ఇది బాస్కెట్ స్వింగ్. నాలుగు స్తంభాలు, మధ్యలో తాళ్లతో అల్లిన పెద్ద గంప. చిన్నోళ్లు, పెద్దోళ్లు, నడవలేనోళ్లు, ఎవరైనా కూర్చోవచ్చు, పడుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఊగినా ఏమీ కాదు."

ఆడవాళ్ల వరసలో కూర్చున్న అంజనమ్మ మెడ చాచింది. గంప ఉయ్యాల! పొలంలో నారు మోసే గంప మాదిరి గుండ్రం, దాని చుట్టూ నాలుగు చుక్కలు. ఆ కాగితం మీద ఇంకేముందో ఆమె చూడలేదు.

"ఆడోళ్లు ఏమీ చెప్పడం లేదే? మీకేం కావాలమ్మా?" అని వినుత అడిగింది.

ఆడవాళ్లంతా ప్రెసిడెంటు పెళ్లాం వైపు తిరిగారు. అంజనమ్మ మొగుడి వైపు చూసింది. చెన్నకేశవ ఇస్త్రీ పంచె మీద చేతులు పెట్టుకొని, కల్యాణం జరిపిస్తున్న పెండ్లి పెద్దలా కూర్చుని ఉన్నాడు.

"అందరికీ ఏది ఇష్టమో అదేమ్మా" అని నోరు జారి, వెంటనే నాలుక కరుచుకుంది. కానీ అప్పటికే వినుత తల ఊపి మగవాళ్ల వైపు తిరిగిపోయింది.

చెన్నకేశవ జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు.

"తూర్పు సందులో గేటేందమ్మా, దొడ్డిదారి మాదిరి? మెయిన్ రోడ్డు పక్క పెట్టు, మా ఇంటికి ఎదురుగా. పైన ఆర్చి. ఆర్చి మీద పేరు."

"ఎవరి పేరు మామా?" అని అడిగాడు పాపన్న, తెలియనట్టు.

"అది మీరే చెప్పాల. నేనెట్లా చెప్పేది?" అన్నాడు చెన్నకేశవ సిగ్గుపడుతూ. "గేటులో కడ్డీలు పాతు. లేకుంటే ఊర్లో ఆవులన్నీ లోపలే ఉంటాయి. సందు పక్క చెత్త బండికి కొంచెం ఖాళీ వదిలితే చాలు. ఈ గంప ఎందుకు? తీసేయ్. ఆడ ఫౌంటెన్ పెట్టు. డాల్ఫిన్ నోట్లోంచి నీళ్లు ఎగరాల. బెంగళూరులో ఒక కల్యాణ మండపం ముందర చూసినాను."

"తాగేదానికే లారీ నీళ్లు గదా మామా" అని పాపన్న గొణిగి, మామ చూపు చూసి, "డాల్ఫిన్ బాగుంటుంది" అని ముగించాడు.

"సార్, కడ్డీలు పెడితే వీల్‌చెయిర్ రాదు" అన్నది వినుత. "మీ అక్కగారే..."

"మా అక్కకేమి? నలుగురు మగోళ్లం ఉండాము. ఎత్తుకొని పోతాము."

వెనక వరస నుంచి మునెమ్మ గొంతు లేచింది. "రేయ్ కేశవా! నలుగురు మగోళ్లు మోసేది ఒక్కసారేరా. దానికింకా నాకు టైము కాలేదు."

షామియానా అంతా గొల్లుమన్నది. చెన్నకేశవ కూడా నవ్వాడు. నవ్వి, కడ్డీలు ఉన్న చోట ఎర్ర పెన్నుతో ఇంకా గట్టిగా గీశాడు. కమిటీ సంతకం లేకుంటే కంపెనీ రూపాయి ఇవ్వదు. వినుత మూతి బిగించి కాగితం చుట్టేసింది.

ఆ వారమంతా ప్లాను మారుతూనే ఉంది. ఆర్చి ఎత్తు పెరిగింది, డాల్ఫిన్ తోక తిరిగింది. మారినప్పుడల్లా వినుత కొత్త కాగితం పంపింది. మేస్త్రీ సుబ్రమణి ప్రతి కాగితాన్నీ స్కూటర్ డిక్కీలో దాచుకుంటూ పోయాడు. ఆఖరికి ఒక సాయంత్రం ఇద్దరూ కలిసి టేపు పట్టి, మేకులు కొట్టి, పార్కు మొత్తాన్నీ నేల మీద సున్నప్పొడితో గీశారు. తెల్లారితే పునాది తవ్వాలి. వినుత బెంగళూరు పోయింది. చెన్నకేశవ, పాపన్న కారెక్కి క్రిష్ణగిరి పోయారు, పార్కు తెరవడానికి ఒక పెద్దమనిషిని పిలవాలని. ఆ దారిలోనే కావేరిపట్టణంలో చుట్టాలింట్లో నామకరణం ఉంది. రెండు దినాలకు గాని రారు.

మార్గళి నెల, అంటే ధనుర్మాసం. హోసూరు మంచులో వీధి దీపం కూడా మసకగా కనబడే వేళ. అంజనమ్మ తలకు మఫ్లర్ చుట్టుకొని, వాకిలి చిమ్మి, కళ్లాపి చల్లి, చుక్కలు పెట్టి ముగ్గు వేసింది. పేడముద్దలో గుమ్మడిపువ్వు గుచ్చి మధ్యలో పెట్టింది. ఇంకా డబ్బాలో సగం పిండి మిగిలింది. తల ఎత్తి చూస్తే రోడ్డుకు అవతల, తమ పాత రాగిచేను మీద, ఎవరో తెల్లటి గీత గీసి వదిలేసినారు. పొడుగ్గా, పల్చగా, వంకరగా ఉంది. పైగా తమ వాకిలికి సరిగ్గా ఎదురుగా ఆ గీత తెగిపోయి ఉంది.

గీత కలపకుండా వదిలిన ముగ్గు ఆ చోటికి మంచిది కాదని అంజనమ్మకు పావడా కట్టుకునే వయసులోనే అమ్మ నేర్పించింది. అప్పటి నుంచి ఆ చేతులు తెగిన గీతను చూసి ఊరుకున్నది లేదు. రోడ్డు దాటి పోయి, వంగి, రెండు వేళ్ల మధ్య పిండి జారవిడుస్తూ ఈ కొసను ఆ కొసకు కలిపేసింది. కలిపినాక, సున్నం వేసిన గీత మరీ పేదగా కనబడింది. దాని పక్కనే ఇంకో గీత లాగింది. మూల తిరిగే చోట ఒక తామరమొగ్గ పెట్టింది. అట్లా గీత వెంబడే వంగి నడుచుకుంటూ తూర్పు సందు దగ్గరికి వచ్చింది. అక్కడ ఇంకో తెగిన చోటు కనబడింది. పిడికిలి నిండా పిండి తీసుకొని చెయ్యి చాచింది.

"నన్ను బయట పెట్టి మూసేస్తావా?"

అంజనమ్మ ఉలిక్కిపడింది. తెగిన చోటుకు సరిగ్గా అవతల, పాపన్న ఇంటి ముందర, శాలువా కప్పుకొని మునెమ్మ కుర్చీలో ఉంది. ఒళ్లో కాఫీ గ్లాసు పొగలు కక్కుతోంది.

"గీత కలపలేదు వదినా వీళ్లు. ఆ పక్క కూడా ఇట్లే ఉంటే నేనే కలిపి వచ్చినాను."

"యా పక్క?"

"మా వాకిలికి ఎదురుగా."

మునెమ్మ కాఫీ గుటక వేయబోయి ఆగింది. "అది గేటే! నీ మొగుడి ఆర్చి వచ్చేది ఆడే గదే!"

అంజనమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. ముక్కూ గడ్డమూ పిండి అయిపోయాయి. "అయ్యో దేవుడా! తుడిచేసి వస్తా ఉండు."

"ముగ్గు వేసి తుడుస్తావా? మార్గళి నెలలో? తెల్లారకముందే?"

అది కుదిరే పని కాదు. సందులో ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. మునెమ్మ తన కుర్చీ చక్రాలను చూసుకుంది, ఎదురుగా గీతలో వదిలిన ఖాళీని చూసింది. కొలిచినట్టుంది.

"అంజనా, ఇది మాత్రం కలపొద్దు."

"కలపను."

"చెత్త బండికి వదిలిండారు. నేను పోతే సాలు."

అంజనమ్మ తల తిప్పి పార్కు నడుమకు చూసింది. అక్కడ డాల్ఫిన్ కోసం గీసిన చిన్న గుండ్రం, రొట్టె చేసేదానికి పెట్టిన పిండిముద్దంత ఉంది. మొదటి తప్పు చెయ్యి చేసింది, ఆమెకు తెలియలేదు. రెండోది మాత్రం తెలిసే చేసింది. నడుమకు పోయి, చీర ఎగదోపి, ఆ చిన్న గుండ్రం చుట్టూ ఎనిమిది రేకుల తామర వేసింది. రేకుల చుట్టూ పెద్ద గుండ్రం వేసింది. ఆ గుండ్రానికి బయట నాలుగు చుక్కలు, ఆదివారం నుంచి కళ్లలో కూర్చున్న అవే నాలుగు చుక్కలు, లావుగా పెట్టింది. మధ్యలో ఒకసారి ఆగి, ఎవరైనా విజిల్ ఊదుతారేమోనని అటూ ఇటూ చూసింది కూడా.

విజిల్ రాలేదు గాని పక్కింటి అలివేలు వచ్చింది. "ఏమత్తా, ఇంత పెద్ద ముగ్గు! చెప్పుంటే మేమూ వచ్చుందుము గదా" అని కోపం చేసుకొని రంగులు తెచ్చింది. ఆమెను చూసి ఇంకొకతె, ఆమె వెంట ఇంకా నలుగురు వచ్చారు. ఎందుకు ఏమిటి అని ఎవరూ అడగలేదు. నేల మీద ముగ్గు సగంలో ఉంటే చెయ్యి వేయాలి, అంతే. తెల్లారి మంచు విడిచేసరికి పార్కు ప్లాను మొత్తం పసుపు, ఎరుపు, పచ్చ రంగుల్లో వెలిగిపోతోంది. నాలుగు చుక్కల మీద నాలుగు పేడముద్దలు, వాటిలో నాలుగు గుమ్మడిపువ్వులు వెలిశాయి.

సుబ్రమణి కూలీలను తీసుకొని వచ్చి, చూసి, స్కూటర్ దిగకుండానే చెప్పులు విప్పాడు.

"ఎన్నమ్మా ఇది?" అన్నాడు.

ఆడవాళ్లు ఎవరిళ్లకు వాళ్లు పోయారు. అంజనమ్మ ఒక్కతే ముగ్గు డబ్బా పట్టుకొని దొరికిపోయింది. సుబ్రమణి ఒకసారి ముగ్గు చుట్టూ తిరిగాడు. తిరిగి వచ్చి డిక్కీలోంచి కాగితాలన్నీ తీసి, ఒక్కొక్కటీ విప్పి నేలతో పోల్చి చూశాడు. అన్నిటికంటే అడుగున నలిగిపోయిన కాగితం దగ్గర అతని ముఖం విచ్చుకుంది.

"అప్పడియా! ఫస్టు ప్లానుకే వచ్చినారా! గేటు తూర్పు, నడుమ ఉయ్యాల. నేను అప్పుడే అనుకున్నానమ్మా. డాల్ఫినుకు పైపు యాడనుంచి తెచ్చేది?"

వెంటనే వినుతకు ఫోన్ కొట్టాడు. అంజనమ్మకు ఇటుపక్క మాటలే వినబడ్డాయి.

"మేడం, ఫస్టు ప్లానే ఫైనలా?... లేదు మేడం, కాగితం రాలేదు. నేల మీద మార్కింగ్ ఉంది... ఎవరు వేసినారా? ముగ్గు మేడం, ముగ్గు... అవును, నాలుగు స్తంభాలూ ఉండాయి... కొలత చూసినాను, కొంచెం అట్లా ఇట్లా... మేడం? లైన్లో ఉండారా?... సెరి సెరి. మార్కింగ్ ప్రకారమే. సెరి మేడం."

ఫోన్ జేబులో పెట్టుకొని అంజనమ్మ వైపు తిరిగాడు. "ప్రెసిడెంట్ సార్ చెప్పినారా అమ్మా?"

అంజనమ్మకు అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "ఆయన ఊర్లో లేడప్పా. ముగ్గు మేమే వేసినాము."

సుబ్రమణి ఆమె ముక్కు మీది పిండిని చూశాడు, డబ్బాను చూశాడు, మళ్లీ తామరను చూశాడు. "ప్రెసిడెంట్ ఇంటమ్మ చేత్తో వేసిన మార్కింగు. ఇంతకన్నా ఏం కావాల!" అని తనకు తానే సర్దిచెప్పుకొని, కర్పూరం వెలిగించి, టెంకాయ కొట్టించి, మొదటి గడ్డపార వేయించాడు. సాయంకాలానికి రోడ్డు పక్క పునాదిలో రాళ్లు కూర్చున్నాయి. మరునాటికి గోడ మోకాలెత్తు లేచింది. అంజనమ్మ ఆ రెండు దినాలూ అన్నం తిన్నట్టు లేదు, మానేసినట్టూ లేదు.

చెన్నకేశవ పొద్దు వాలే వేళకు దిగాడు. పెద్దమనిషి వస్తానన్నాడు. ఆ సంతోషంలో కారు దిగీ దిగకముందే ఫోనులో ఆర్చి బొమ్మ తీసి, ఆర్చి రావలసిన చోటుకు ఎదురుగా నిలబడి, బొమ్మ పైకెత్తి చూశాడు. బొమ్మలో ఆర్చి ఉంది. ఎదురుగా గోడ ఉంది.

"పాపన్నా, మనం సరైన వీధికే వచ్చినామా?"

"వచ్చినాము మామా. అదో మీ ఇల్లు."

"అయితే దారి యాడ?"

సుబ్రమణి తాపీ కింద పెట్టి నిలబడ్డాడు. బెంగళూరు నుంచి అప్పుడే వచ్చిన వినుత టేపు చుట్టుకుంటూ కిందికి చూసింది. అంజనమ్మ ఇంటి గుమ్మం దగ్గర స్తంభం వెనక ఉంది. చెన్నకేశవ గొంతు పెంచాడు. ఎవడు కట్టమన్నాడు, ఎవడు మూసినాడు, ఈ క్షణమే పీకండి అన్నాడు.

"పూజ చేసి పెట్టిన రాయి సార్" అన్నాడు సుబ్రమణి వినయంగా. "అదీ ముగ్గు మీద, మార్గళిలో. పీకేదానికి నా మనుషులు రారు. మీరు మొదటి రాయి తీస్తే తరువాత చూస్తాము."

చెన్నకేశవ రాయి తీయడానికి వంగలేదు. గోడ దాటి లోపలికి పోదామని కాలెత్తాడు. ఇస్త్రీ పంచె మోకాలి దాకా లేచి, అక్కడ ఆగింది. కాలు దించేశాడు.

"ఏమిరా కేశవా, ఆడనే నిలబడినావే? లోపలికి రా!"

పార్కు నడుమ, నాలుగు గుంతల మధ్య, మునెమ్మ చక్రాల కుర్చీలో కూర్చుని తమ్ముణ్ణి పిలుస్తోంది.

"యాడనుంచి రావాలక్కా?"

"సుట్టుకొని రా. నేను అన్ని తావుల్లో అట్లే గదా పొయ్యేది. ఒక దినం నువ్వు రా."

వీధి వీధంతా చూస్తోంది. ప్రెసిడెంటు రోడ్డు వెంబడి మూల దాకా నడిచి, సందులోకి తిరిగి, చెత్త బండికని తాను వదలమన్న ఖాళీలోంచి లోపలికి వచ్చాడు. ఎక్కడా అడ్డం తగల్లేదు, మెట్టు ఎక్కవలసి రాలేదు. వచ్చేసరికి కోపం కొంచెం ఆయాసంగా మారింది. అక్క ఎదుట నిలబడి, అక్కడిదాకా వచ్చిన చక్రాల జాడను చూశాడు. ఆమెను ఎవరూ ఎత్తుకొని రాలేదు.

"ఎవరు చేసినారు ఇదంతా?" అని అడిగాడు. ఈసారి గొంతు తగ్గింది.

"నేనే" అంటూ అంజనమ్మ రోడ్డు దాటి గోడ దగ్గరికి వచ్చింది. "గేటు తెలియక మూసినాను. నడుమది తెలిసే గీసినాను. నాకు ఉయ్యాల ఊగాలని ఉంది. మీటింగులో ఆ పిల్ల అడిగితే, నీ ముఖం చూసి నోరు రాలేదు. అప్పటి నుంచి అది గొంతులోనే ఉంది. చేత్తో వేసేసినాను."

అంతమంది ముందర పెళ్లాం ఇట్లా మాట్లాడటం చెన్నకేశవ ఎరుగడు. "ఈ వయసులో ఉయ్యాలా?" అన్నాడు. దానికి ఎవరూ నవ్వలేదు. ఆ నవ్వకపోవడమే ఆయనకు బాగా తగిలింది.

పాపన్న జీవితంలో మొదటిసారి సరైన సమయంలో నోరు తెరిచాడు. "మామా, తూర్పు వాకిలి. వాస్తుకు ఇదే గదా మంచిది? ఆర్చి ఈడ కడితే పొద్దున్నే ఎండ నేరుగా పేరు మీద పడుతుంది."

చెన్నకేశవ మీసం మీద చెయ్యి వేశాడు. తూర్పుకు తిరిగి చూశాడు. మరునాడు పాలకేంద్రం దగ్గర నలుగురికి చెబుతున్నాడు: "మెయిన్ రోడ్డు పక్క అందరూ పెడతారప్పా. నేనే కూర్చుని యోచన చేసి తూర్పుకు మార్పించినాను."

పార్కు తెరిచారు. సందు ఇరుకని పెద్దమనిషి కారు దిగి నడిచి వచ్చాడు. డాల్ఫిన్‌కు అడ్వాన్సు ముందే ఇచ్చి ఉన్నారు కాబట్టి అదీ వచ్చింది. నీళ్లు లేకుండా గేటు పక్కన కూర్చుంది. పిల్లలు దాన్ని గుర్రం చేసి ఎక్కారు. గంప ఉయ్యాల నడుమన వేలాడింది. అంజనమ్మ పట్టుచీరలో ఒక పక్క నిలబడి దాన్నే చూసింది. చూస్తూ ఉండగానే దాని పక్కన పాతిన కొత్త బోర్డు కనబడింది.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు మాత్రమే. కింద: ఇట్లు, ప్రెసిడెంటు.

ప్రెసిడెంటు మెడలో పెండ్లినాటి గొలుసుకు పక్కగా ఒక విజిల్ వేలాడుతోంది. గేటు పోయింది, కడ్డీలు పోయాయి, డాల్ఫిన్ పరువు పోయింది. ఏదో ఒకటన్నా తన మాట నిలవాలి కదా. ఆ సాయంత్రం ఇద్దరు కాలేజీ పిల్లలను, ఒక బాలింతను ఆయన విజిల్ ఊది లేపాడు. ఆ రోజు ఇంట్లో అంజనమ్మ సంగటి ముద్ద కంచంలో వేసిన చప్పుడు రోడ్డు దాకా వినబడింది.

"రేపు తెల్లారక ముందే పోదాము వదినా" అన్నది మునెమ్మతో. "ఆయన లేచేలోపల. ఒక్క ఊపు. తరువాత ఆ విజిల్ ఊదుకుంటాడో మింగుతాడో ఆయనిష్టం."

మంచు ఇంకా వీడలేదు. అంజనమ్మ కుర్చీ నెట్టుకుంటూ తూర్పు వాకిలిలోంచి లోపలికి పోయింది. నడుమకు చేరేసరికి కీచు కీచుమని చప్పుడు వినబడింది. ఉయ్యాల ఊగుతోంది. గంపలోంచి రెండు కాళ్లు, ఒక మఫ్లర్ పైకి కనబడుతున్నాయి.

ఇద్దరూ ఆగిపోయారు. గంప ఒకసారి ముందుకు వచ్చింది, వెనక్కి పోయింది. దాంట్లో చెన్నకేశవ వెల్లకిలా పడుకొని, కళ్లు మూసుకొని, నోరు కొంచెం తెరుచుకొని ఉన్నాడు. అంజనమ్మ పెళ్లయినప్పటి నుంచి ఆ ముఖంలో ఇంత నిమ్మళం చూడలేదు. ఒక్క క్షణం ఆమెకు జాలి కూడా వేసింది. మునెమ్మకు వేయలేదు.

"కేశవా! నీకు పన్నెండు ఇంకా దాటలేదా?"

చెన్నకేశవ అదిరిపడి లేవబోయాడు. గంప లేవనివ్వలేదు. ఒక చెయ్యి ఊనితే ఇంకో పక్క ఒరిగింది. కాలు దించబోతే పంచె తాళ్లకు చిక్కుకుంది.

"టెస్టు చేస్తా ఉండాను" అన్నాడు లోపలి నుంచి. "బరువు ఆపుతుందా లేదా అని. ప్రెసిడెంటును గదా."

"ఆపిందా?" అని అడిగింది అంజనమ్మ.

"ఆపింది."

"ఎప్పటి నుంచి టెస్టు చేస్తా ఉండావు?"

ఆయన కొంచెం సేపు తాళ్లతో కుస్తీ పట్టి, ఓడి, "చెయ్యియ్యవే" అన్నాడు మెల్లగా.

అంజనమ్మ చెయ్యి ఇచ్చింది. లేపింది, పంచె విడిపించింది. ఆయన నేల మీద నిలబడి తూలుతుండగా, మెడలోని విజిల్ దారాన్ని తల మీదుగా తీసి తన మెడలో వేసుకుంది. నోట్లో పెట్టుకొని ఊదింది. ఆ కూతకు సందులో కుక్కలు లేచాయి.

"తాతా, జరుగు. వంతు మాది."

కుర్చీ ఎత్తూ గంప ఎత్తూ ఒకటే. వినుత అట్లా చూసే పెట్టించింది. మునెమ్మ రెండు చేతులతో తాడు పట్టుకొని జరిగింది, అంజనమ్మ నడుము పట్టుకొని సాయం చేసింది. తరువాత తానూ ఎక్కి ఆమె పక్కన కూర్చుంది. కుచ్చెళ్లు మోకాళ్ల మధ్య దోపుకుంది. చెప్పులు కింద పడిపోయాయి. నేలను తన్నుదామని కాలు చాస్తే నేల అందలేదు.

చెన్నకేశవ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"చూస్తావేందిరా" అన్నది మునెమ్మ. "తొయ్యి."

ఆయన తోశాడు. మొదట మొహమాటంగా, తరువాత ఎద్దుబండి చక్రం బురదలోంచి తోసినట్టు గట్టిగా తోశాడు. అంజనమ్మ కడుపులో ఏదో జారింది, చిన్నప్పుడు జారినట్టే. భయం వేసింది, నవ్వు వచ్చింది, కళ్లలో నీళ్లు వచ్చాయి. చల్లగాలి ముఖానికి కొడుతుంటే ఆ నీళ్లు చెవుల వైపుకు పోయాయి. పక్కన మునెమ్మ, తుంటి విరిగినప్పటి నుంచి ఎప్పుడూ అరవని మునెమ్మ, చిన్నపిల్లలా కేక పెట్టింది.

గేటు దగ్గర అలికిడైంది. వాకింగ్‌కు వచ్చిన అలివేలు, ఆమె మొగుడు డాల్ఫిన్ పక్కన నిలబడి నోరు తెరిచి చూస్తున్నారు. చెన్నకేశవ వాళ్లను చూశాడు. బోర్డును చూశాడు. చేతులు వెనక్కి తీసుకొని, తనకేమీ సంబంధం లేనట్టు పంచె సర్దుకున్నాడు.

గంప మెల్లగా ఆగబోయింది. అంజనమ్మ విజిల్ నోట్లో పెట్టుకొని మొగుడి వైపు తిరిగి బిగ్గరగా ఊదింది.

"ఆపమని ఎవరు చెప్పినారు? తొయ్యప్పా."

ఆయన ముందు పోయి బోర్డును గోడ వైపుకు తిప్పాడు. తరువాత వచ్చి తోశాడు.